జైలు నుంచి వచ్చే అక్కకి చోటెక్కడ?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా బావ చనిపోయిన కేసులో అక్కకి జీవిత ఖైదు పడింది. రాజమండ్రి మహిళా జైల్లో ఉంది. సత్ప్రవర్తన మీద ముందుగా వదిలే వాళ్లలో తన పేరు ఉందని, నెలా రెండు నెలల్లో రావచ్చని మొన్న ములాఖత్‌లో చెప్పింది. అత్తగారి ఊరికి వెళ్లే పరిస్థితి లేదు. పిల్లలు నానమ్మ దగ్గర పెరిగారు. బాబుకి పదిహేడు, పాపకి పదమూడు. పాప గురుకులంలో చదువుతోంది. మా అమ్మానాన్న పోయారు. అన్నయ్య హైదరాబాద్‌లో తాపీ పని చేసుకుంటూ ఒక్క గదిలో కాపురం ఉంటున్నాడు. మా ఆయన రెండు రోజులైతే సరే, ఆ పైన కుదరదంటున్నారు. మా ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. అక్కని ఎక్కడ ఉంచాలి?
- ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మీ అక్క ఆ పని చేసిందా లేదా అన్నది మీరు రాయలేదు, నేనూ అడగను. కోర్టు వేసిన శిక్ష ఆమె అనుభవించింది. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఆమె ఎక్కడ తల దాచుకుంటుంది అన్నదొక్కటే. మీ ఆయన మీద కోపం పెట్టుకోకండి. రెండు రోజులకైనా సరేనన్నారు, చాలా ఇళ్లలో ఆ మాట కూడా రాదు. ఆ రెండు రోజులు ఇప్పుడే వాడేయకండి. దసరాకో సంక్రాంతికో అక్క మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లడానికి దాచుకోండి.

మీ చేతిలో ఇంకా నెల టైముంది. అది చాలా పెద్ద విషయం. వసతి గృహంలో పనిచేసిన రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచన గేటు బయటికి వచ్చాకే మొదలైంది. సాయంత్రం విడుదల చేస్తే ఆఖరి బస్సు వెళ్లిపోయి, చేతిలో గుడ్డ సంచితో తెల్లవార్లూ బస్టాండు బెంచీ మీద కూర్చున్న వాళ్లున్నారు. అలాంటి మనిషిని ముందుగా పలకరించేది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి వచ్చే ములాఖత్‌లో అక్క చేత సూపరింటెండెంట్ పేరు మీద ఒక అర్జీ రాయించండి. విడుదలయ్యాక ఉండటానికి నాకు చోటు లేదు, శక్తి సదన్‌లో చేర్పించండి అని రెండు వాక్యాలు చాలు. కాపీ తీసుకెళ్లి జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి మీరే ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఆడవాళ్లకి అక్కడ లాయరు సాయం ఉచితం, ఆదాయంతో నిమిత్తం లేదు. 1987 నాటి చట్టంలోనే ఆ మాట ఉంది. ఫోన్ చేయాలంటే 15100.

శక్తి సదన్ అంటే దిక్కులేని ఆడవాళ్ల కోసం ప్రభుత్వ పథకం కింద నడిచే వసతి గృహం, ఇదివరకటి స్వధార్ గృహమే. 2022లో కేంద్రం మిషన్ శక్తి పథకం తెచ్చినప్పుడు స్వధార్‌నీ, అక్రమ రవాణా బాధితుల కోసం నడిచే ఉజ్జ్వలనీ కలిపి ఈ పేరు పెట్టారు. జైలు నుంచి విడుదలై, నా అన్నవాళ్లు లేని స్త్రీలకి ఇందులో చోటివ్వాలన్నది స్వధార్ రోజుల నుంచీ ఉన్నదే. ఎవరైనా "ఇది భర్త కొట్టిన వాళ్లకేనమ్మా" అంటే తిరిగి వచ్చేయకండి, జిల్లాలో మహిళా శిశు సంక్షేమం చూసే ఐసీడీఎస్ పీడీ (ప్రాజెక్టు డైరెక్టర్) గారి ఆఫీసుకి వెళ్లి అడగండి. తెలంగాణలో అయితే జిల్లా సంక్షేమ అధికారి. ఈలోపు అక్క విడుదలైపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో, ఆపదలో ఉన్న ఆడవాళ్లని ఆదుకునే సఖి సెంటర్ ఉంటుంది. అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజుల దాకానే కానీ, ఆ ఐదు రోజులూ ఆమె రోడ్డు మీద ఉండదు.

చేర్చే ముందు ఆ గృహానికి మీరొకసారి వెళ్లి చూడండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. పడకలు, ఫ్యాన్లు, వంటగది చూపిస్తారు, అవి చూడండి. అంతకన్నా ముఖ్యంగా గేటుకి పగలు తాళం ఉందా లేదా చూడండి. ఉన్నవాళ్ల ఫోన్లు ఆఫీసులో బీరువాలో పెడుతున్నారా అని అడగండి. పనికి వెళ్లి సాయంత్రం ఏడింటికి తిరిగొస్తే సంజాయిషీ రాయాలా, చుట్టాలొస్తే కూర్చోబెట్టే చోటుందా, ఇవి అడగండి. మన గృహాలు చాలావాటిలో రక్షణ పేరుతో తాళాలే ఎక్కువ. పారిపోతుందేమో, మాట వస్తుందేమో అని నడిపేవాళ్ల భయం. శిక్ష తీరిన మనిషిని మళ్లీ తాళం వెనక పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇష్టపడి వచ్చింది, ఇష్టమైనప్పుడు వెళ్లొచ్చు. ఆ సంగతి వార్డెన్‌కీ తెలియాలి, మీ అక్కకీ తెలియాలి.

లోపల ఏళ్లు గడిపిన మనిషి ఎలా ఉంటుందో మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే మీరు కంగారు పడతారు. మా గృహానికి జీవిత ఖైదు ముగించుకుని ఒకావిడ వచ్చింది. తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయేది. గడియ ఆమె వైపే ఉండేది, అయినా ఎవరో వచ్చి తీయాలన్నట్టు నిలబడేది. మంచినీళ్లు తాగనా అని అడిగేది. చీకటి పడకముందే అన్నం తినేసేది, జైల్లో లాకప్ వేళ అదే కదా. రాత్రి లైటు తీసేస్తే నిద్ర పట్టేది కాదు, బ్యారక్‌లో తెల్లవార్లూ లైటు వెలుగుతూనే ఉంటుంది. అరెస్టు కాకముందు తల్లి దగ్గర ట్రంకుపెట్టెలో దాచుకున్న డబ్బు ఉందని ఎంతో ఆశగా ఉండేది. తీరా తెప్పిస్తే అన్నీ పాత ఐదొందల నోట్లు. 2016 నవంబరులో అవి రద్దయినప్పుడు ఆమె లోపలుంది, తల్లికి ఆ పెట్టె సంగతి గుర్తులేదు. ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మేము ఆవిడకి చేసిన మొదటి పని ఒక ఇనప బీరువాలో అర ఇచ్చి, దాని తాళంచెవి చేతిలో పెట్టడం. చెవిని మంగళసూత్రం తాడుకి కట్టుకున్నట్టు నల్లదారంతో మెళ్లో వేసుకుంది. నెల తిరిగేసరికి అడగకుండా నీళ్లు తాగింది. మీ అక్క కూడా కొన్నాళ్లు ఇలాగే ఉండొచ్చు. పిచ్చి పట్టిందనుకోకండి, తొందరపెట్టకండి. నిద్రలేమి, ఏడుపు తగ్గకపోతే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో చూపించండి. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక కాగితాలు. విడుదల పత్రం, జైల్లో చేసిన పనికి వచ్చిన కూలి లెక్క, ఆసుపత్రి చీటీలు, లోపల నేర్చుకున్న పనికి ఇచ్చిన సర్టిఫికెట్, ఇవన్నీ గేటు దాటేలోపే చేతికి రావాలి. తర్వాత తెప్పించుకోవడం గగనం. బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే ఎన్ని రోజులకి సరిపడా ఇస్తున్నారో అడగమనండి. ముందస్తుగా విడుదల చేసేటప్పుడు షరతులు పెడతారు. శిక్షాకాలం పూర్తయ్యేదాకా అప్పుడప్పుడు స్టేషన్‌కి వెళ్లి కనపడమనడం అలాంటిదే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై మందికి పైగా మహిళా జీవిత ఖైదీలను వదిలినప్పుడు కూడా షరతులతోనే వదిలింది. ఉత్తర్వు కాపీ తీసుకుని, ఏ స్టేషన్, ఎప్పుడెప్పుడు అన్నది ఎవరిచేతనైనా చదివించుకుని రాసి పెట్టుకోవాలి. ఇల్లు మారితే ముందు స్టేషన్‌లో చెప్పాలి. చిన్న పొరపాటుకి మళ్లీ లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది, ఇది తేలిగ్గా తీసుకోకండి.

ఆధార్‌లో అడ్రసు అత్తగారి ఊరిదే అయి ఉంటుంది. గుర్తింపు ఉన్న వసతి గృహం అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో అడ్రసు మార్చుకోవచ్చు. అది మారితే బ్యాంకు, సచివాలయం, రేషన్ కార్డు పనులు ఒక్కొక్కటే కదులుతాయి. అందుకే శక్తి సదన్ అంటే ఒక మంచం అని మాత్రమే అనుకోవద్దంటాను. మీ అక్కకి అది అడ్రసు.

పిల్లల సంగతి. పాపని తల్లితోపాటు గృహంలో ఉంచుకోవచ్చు, ఆడపిల్లలకి పద్దెనిమిదేళ్ల దాకా వీలుంది. మగపిల్లలకి వయసు పరిమితి బాగా తక్కువ, బాబుకి కుదరదు. కానీ ఇప్పుడే ఎవర్నీ మార్చకండి. పాప చదువు సాగుతోంది, సాగనివ్వండి. ఆ పిల్లకి అమ్మ అంటే నానమ్మ చెప్పిన మాటలే తెలుసు. గురుకులంలో తల్లిదండ్రుల్ని రానిచ్చే రోజున ముందు మీరు వెళ్లండి, అమ్మ వస్తోందని చెప్పండి. చూస్తావా అని అడగండి. వద్దంటే ఆగండి. నానమ్మగారు కొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఆవిడ ఇంటి ముందుకి అక్కని తీసుకెళ్లొద్దు. మాట్లాడాల్సి వస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్ల సమక్షంలో మాట్లాడండి.

ఇంకొక్క మాట. ములాఖత్‌కి వెళ్తున్నానని రాశారు. భీమవరం వైపు నుంచి రాజమండ్రి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. 2022 డిసెంబరు చివరికి దేశం మొత్తం మీద జైళ్లలో ఉన్న ఆడవాళ్లు 23,772 మంది, ఖైదీల్లో నూటికి నలుగురు. తక్కువమంది కాబట్టి మహిళా జైళ్లూ కొన్నే. మన రెండు రాష్ట్రాల్లో రాజమండ్రి, కడప, హైదరాబాద్ చంచల్‌గూడ. శ్రీకాకుళం మనిషి రాజమండ్రిలో ఉంటే ముసలి తల్లి ఎన్నిసార్లు వెళ్లగలదు? రాకపోకలు అలా తెగిపోతాయి. మీరు తెగనివ్వలేదు. మీ అక్కకి ఉన్న ఆస్తి అదే.

ప్రశ్న: మా వీధిలో పాచిపని చేసే అమ్మాయిని దొంగతనం కేసులో పట్టుకెళ్లారు. బెయిలు వచ్చింది, నెల దాటినా ఇంకా లోపలే ఉంది. జామీను ఇచ్చేవాళ్లు లేరట. అద్దె గది కూడా ఖాళీ చేయించేశారు. మేమేం చేయగలం?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: పరాయి పిల్ల కోసం మీరు ఉత్తరం రాశారు, సంతోషం. బెయిలు వచ్చాక వారం లోపల విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని కూడా అందులో ఉంది. స్థానికుల జామీనే కావాలని పట్టుబట్టడం బెయిలు ఆలస్యానికి ఒక కారణమనీ, కోర్టులు ఆ షరతు పెట్టకపోవచ్చనీ చెప్పింది. పేద ఖైదీల జామీను సొమ్ము కట్టడానికి అదే ఏడాది కేంద్రం ఒక పథకం పెట్టింది, అదీ న్యాయసేవాధికార సంస్థ ద్వారానే అడగాలి. కాబట్టి కేసు నంబరు, ఆ అమ్మాయి పేరు చీటీ మీద రాసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి.

అయితే కోర్టు అడ్రసు అడుగుతుంది. గది పోయిందన్నారు కదా, అసలు చిక్కు అక్కడుంది. శక్తి సదన్‌లో చోటు ఇస్తామన్న లేఖ ముందుగా తీసుకుంటే లాయరు దాన్ని కోర్టులో చూపించొచ్చు. ఆ గది యజమానితో కూడా ఒకసారి మాట్లాడి చూడండి. కేసు తేలలేదు, ఆ పిల్ల సామాను ఏమైంది? గిన్నెలు, బట్టలు, గ్యాస్ బండ మీ వరండాలో ఓ మూల పెట్టించినా పెద్ద సాయమే.

ప్రశ్న: నేను రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని. నిజామాబాద్‌లో మాకు నాలుగు గదుల పాత ఇల్లుంది. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు, అమ్మేయమంటున్నారు. జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఉండటానికి ఇవ్వాలని నా కోరిక. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: అక్కయ్యగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది కొత్త ఆలోచన కాదని చెబితే మీకు ఇంకా ధైర్యం వస్తుందేమో. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. చదువురాక, తమ మీద పెట్టిన కేసేమిటో తెలియక శిక్ష పడిన ఆడవాళ్లని అక్కడ దగ్గరగా చూశారు. తర్వాత లా చదివారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలయ్యాక, ఆ బోర్డే జైళ్ల నుంచి, ఇతర సంస్థల నుంచి బయటికి వచ్చేవాళ్ల బాగోగులు చూడటానికి ఏం చేయాలో చెప్పమని ఎం.ఎస్. గోరే గారి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పని సగంలోనే ఉంది. మీ నాలుగు గదుల అవసరం తీరలేదు.

ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో, పిల్లలు ఒప్పుకున్నారో లేదో ముందు తేల్చుకోండి. రేపు గొడవొస్తే నష్టపోయేది అందులో ఉన్నవాళ్లు. ఒంటరిగా మొదలుపెట్టొద్దు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేయించి, జిల్లా సంక్షేమ అధికారికి తెలియజేసి, అనుమతుల విషయం వాళ్లతోనే రాతపూర్వకంగా తేల్చుకున్నాకే మనుషుల్ని చేర్చుకోండి. ఇప్పటికే గృహం నడుపుతున్న నమ్మకమైన సంస్థకి లీజుకివ్వడం ఇంకో దారి. మీ వయసుకి అదే సుఖం అని నా అభిప్రాయం.

నాలుగు గదుల్లో ఆరుగురు చాలు. పాతికమందిని కుక్కితే అది మళ్లీ బ్యారక్ అవుతుంది. బయట బోర్డు పెట్టకండి. "విడుదలైన మహిళా ఖైదీల పునరావాస కేంద్రం" అని రాసి ఉన్న ఇంట్లోంచి బయటికొచ్చి ఎవరు కూరగాయలు కొనుక్కోగలరు? ఇరుగుపొరుగుకి మాత్రం మీరే వెళ్లి చెప్పండి. మీ దగ్గర చదువుకున్న పిల్లలే ఆ వీధిలో ఇప్పుడు పెద్దవాళ్లయి ఉంటారు, మీ మాట వింటారు. వంట మనిషిని పెట్టొద్దు, వంతులవారీగా వాళ్లే వండుకోవాలి. ఏళ్లుగా ఇంత ఉప్పు, ఇంత కారం అని తన నోటికి తగ్గట్టు వేసుకోని మనిషికి పోపు డబ్బా చేతికిస్తే ఆ ముఖం చూడాలి మీరు. కమిటీలో జైలు జీవితం గడిపి బయటపడ్డ ఒకావిడని తప్పకుండా పెట్టండి. లెక్కలు మీరు చూడండి, నియమాలు ఆవిడ చేత రాయించండి.

పని విషయంలో ఒక బాధ చెప్పుకుంటాను. ఆడవాళ్ల పునరావాసం అనగానే అందరికీ కుట్టుమిషనే. దాతలు మిషన్లు ఇస్తారు, ఫొటో దిగుతారు. ఒకే వీధిలో ఎంతమంది జాకెట్లు కుట్టి బతుకుతారు? తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైన వాళ్లకీ పని ఇచ్చారు. నెల జీతం, పక్కన తోటి పనివాళ్లు. అలాంటివి వెతకాలి. క్యాంటీను, ఆసుపత్రిలో ఆయా పని, నర్సరీ, బేకరీ. వచ్చిన రోజు నుంచే పనిలోకి తరమొద్దు. మొదటి నెల ఆసుపత్రికి, కోర్టుకి, ఆధార్ సెంటర్‌కి తిరగడంతోనే సరిపోతుంది.

ఎన్నాళ్లు ఉండనివ్వాలి అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. తేదీ పెట్టి పంపేయకండి. అద్దె గది దొరికి, రెండు నెలల అడ్వాన్సు చేతిలో పడి, గ్యాస్ కనెక్షన్ వచ్చాక వెళ్తుంది. వెళ్లాక కూడా ఆదివారం భోజనానికి రమ్మనండి. వేరే కాపురం పెట్టిన కొత్తలో ఒంటరితనం మనిషిని తినేస్తుంది. ఆ రోజుల్లోనే కొందరు పాత సావాసాలకి, కొట్టే మొగుడి దగ్గరికి తిరిగి వెళ్లిపోతారు.

ప్రశ్న: నాకు శిక్ష అయిపోయింది. హోటల్లో పని దొరికింది. గది అద్దెకి అడిగితే "మీ ఆయనేడీ, ఇన్నాళ్లు ఎక్కడున్నావ్" అంటున్నారు. జైలు సంగతి చెప్పాలా?
- పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, అడగని సంగతి నువ్వై చెప్పుకోనక్కర్లేదు. శిక్ష అయిపోయింది, ఇంటివాళ్లకి నువ్వు బాకీ ఉన్నది అద్దె, కరెంటు బిల్లు. సూటిగా అడిగితే మాత్రం అబద్ధం ఆడకు, తర్వాత తెలిస్తే రాత్రికి రాత్రి ఖాళీ చేయిస్తారు. "కేసు ఉండింది, అయిపోయింది, ఇప్పుడు ఫలానా హోటల్లో చేస్తున్నాను" అని నిలబడి చెప్పు, అంతకు మించి వివరం ఇవ్వకు. హోటలు యజమాని ఒప్పుకుంటే ఆయన చేత ఒక మాట చెప్పించు. పనిచేసే చోటికి దగ్గర్లో మహిళా హాస్టల్‌ చూడు, అక్కడ మొగుడి ఊసు తక్కువ. మిషన్ శక్తి కింద పనిచేసే ఆడవాళ్ల కోసం సఖి నివాస్‌లు ఉన్నాయి, 181కి ఫోన్ చేసి నీకు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కో. గది దొరికితే అడ్వాన్సుకి రసీదు రాయించుకో, లేదా ఫోన్‌పేలో కట్టి ఆ మెసేజ్ తీసేయకుండా ఉంచు. అద్దె కాగితం నీ పేరు మీదే ఉండాలి, సాయం చేస్తానన్న వాళ్ల పేరు మీద కాదు.